పిండికి తోడు

పాలకు తోడు వేయుట తెలియని ఇల్లు తెలుగునాట ఉండదు. రాత్రి పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు చెంచాడు మజ్జిగ కలిపి మూతపెట్టినచో తెల్లవారుసరికి గడ్డపెరుగు సిద్ధము. తోడు లేనినాడు గిన్నె పట్టుకొని పొరుగింటికి పోదుము. అందులో చిన్నతన మేమియు లేదు. పిండికి కూడ అటువంటి తోడొకటి ఉండునని, దానినికూడ ఇంటిలో పెంచి కాపాడుకొనవచ్చునని తెలుసుకొనుటకు మాకు ఏడాది పైగా పట్టినది. ఈ మధ్యకాలమున ఎంత పిండి బర్రె కుడితిలో కలిసినదో మేము లెక్క వేయలేదు. వేసినచో ఇంటి మగవారు విందురు.

మాది పెద్దవంగర. 2016వ సంవత్సరమున జిల్లాలను విభజించినప్పుడు మా ఊరు వరంగల్లు జిల్లానుండి మహబూబాబాదు జిల్లాలోనికి వచ్చి మండల కేంద్రమైనది. అంగడికి తొర్రూరు పోదుము. సోమనాథుని పాలకుర్తి, పోతన పేర వెలసిన బమ్మెర మాకు పొరుగు ఊళ్ళే. వరియు, పత్తియు, మక్కలును పండును గాని గోధుమ మా చేలలో లేదు. మా రొట్టె జొన్నరొట్టె. బ్రెడ్డు అనునది మావైపు రోగుల ఆహారము. ఎవరైన దవాఖానలో చేరినారని తెలిసినచో బ్రెడ్డు పొట్లము, నాలుగు బత్తాయిపండ్లు సంచిలో వేసికొని పలుకరింపబోదుము. దానిని ఇంటిలో చేసికొనవలె నను ఊహ మా తోడికోడళ్ళ మిద్దరిలో ఎవరికిని లేకుండెను.

అవసరము అత్తగారి వలన కలిగినది. ఆమెకు 76 సంవత్సరములు. క్రింది పండ్లు అన్నియు ఊడినవి. జన్మమంతయు జొన్నరొట్టె తిన్న మనిషి దానిని పాలలో నానవేసినను నమలలేకపోయినది. ఒక వానకాలమున జ్వరముతో మంచము పట్టి లేచిన తరువాత ఆమె నోటికి హితమైనది చాయలో ముంచిన బ్రెడ్డు ఒక్కటే. కాని మాకు దొరకునది రెండు మూడు దినముల నాటిది. ఒకనాడు పొట్లము విప్పి ముక్క చేతికిచ్చితిమి. ఆమె చూపు మందగించినది. నోటబెట్టుకొనబోవు సమయమున మాలో పెద్దామె చూచి లాగుకొన్నది. ముక్క వెనుకభాగమంతయు పచ్చని బూజు. ఆ సాయంత్రమే, ఇక ఇంటిలోనే చేయుదమని తీర్మానించుకొంటిమి. ఎంత సులభమనుకొంటిమో చెప్పుటకు ఇప్పుడు సిగ్గగుచున్నది.

మొదటిసారి అంగడిలో ఈస్టు పొట్లము తెచ్చితిమి. సన్నని గోధుమవన్నె రవ్వవలె నున్నది. అరకిలో మైదాలో కలిపి పిసికి తడిబట్ట కప్పి కూర్చుంటిమి. గంట గడచినది, రెండు గంటలు గడచినవి. ముద్ద ముద్దగానే ఉన్నది. కాల్చినచో ఇటుక అయినది. అత్తగారు ఏమియు అనక దానిని తీసికొనిపోయి కుడితిలో వేసిరి. బర్రె మాత్రము మరునాడు దానిని తిన్నది, అదియు నానిన తరువాత. రెండవసారియు అంతే.

మాలో చిన్నామె చెల్లెలు హనుమకొండలో సూక్ష్మజీవశాస్త్రము చదువుచున్నది. సెలవులకు వచ్చి మా అవస్థ విని, అరగ్లాసు గోరువెచ్చని నీటిలో చెంచాడు చక్కెర కలిపి, ఆ పొట్లములోని రవ్వను చల్లినది. "పది నిమిషాలలో నురుగు లేస్తే ప్రాణం ఉన్నట్లు" అన్నది. అరగంట చూచితిమి. నురుగు లేవలేదు. మేము రెండుమార్లు పిసికినది శవములతో నన్నమాట.

ఈస్టు ఉప్పువంటి, సోడావంటి ద్రవ్యము కాదు, ప్రాణి. మన పాత పుస్తకములలో దానికి కిణ్వమను పేరు కలదు. కంటికి కనబడనంత చిన్నదైన ఈ జీవి చక్కెరను తిని రెండు వస్తువులను విడుచును: ఒకటి బొగ్గుపులుసు వాయువు, రెండవది సారా. పిండిని పొంగించునది మొదటిది. 1680లో హాలెండు దేశస్థుడు లీవెన్‌హుక్ తాను స్వయముగా చేసికొన్న భూతద్దముతో బీరు మడ్డిలో వీనిని చూచెను గాని ఇవి జీవులని గ్రహింపలేదు. 1837లో ఇరువురు ముగ్గురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా ఇవి ప్రాణులని చెప్పినప్పుడు రసాయనశాస్త్రవేత్తలలో పెద్దలైనవారు పరిహసించిరి. ఫ్రాన్సులో పాశ్చర్ 1857 మొదలుకొని చేసిన ప్రయోగములతో పరిహాసము ఆగినది. 1996లో ఈ జీవి జన్యుపటము మొత్తము చదివి ముగించిరి. కేంద్రకముగల జీవులలో అట్లు పూర్తిగా చదువబడిన మొదటిది మన రొట్టెను పొంగించు నీ అణుప్రాణియే. ఇంత ఘనత గల దానిని ఎండలో దుకాణపు అరమీద నెలల తరబడి ఉంచినచో చచ్చుటలో ఆశ్చర్యమేమి? ఎండబెట్టిన ఈస్టు నిద్రించుచుండును. పొట్లము విప్పి తేమ తగులనిచ్చినను, వేడిలో ఉంచినను నిద్రలోనే పోవును. ఈ నురుగు పరీక్ష ఒక్కటి ముందే తెలిసియున్నచో కిలో పిండి మిగిలెడిది.

చిన్నామె చెల్లెలు వరంగల్లునుండి మంచి పొట్లమును పంపినది. ఈమారు దానిని మేమే చంపితిమి. జొన్నరొట్టెకు మరుగు నీరు పోసి కలుపుట మాకు చేతికి వచ్చిన విద్య. జొన్నపిండిలో జిగురు లేదు. సలసల కాగిన నీరు పోసినచో అందులోని గంజిపదార్థము ఉడికి, దానితోనే ముద్ద కట్టును. గోధుమ వేరు జాతి. గోధుమలో రెండు మాంసకృత్తులు కలవు. తడిసి, పిసుకబడి, అవి ఒకదానితో నొకటి పెనవేసికొని సాగు గుణముగల వలగా ఏర్పడును. దానిని గ్లూటెను అందురు. ఈస్టు విడిచిన వాయువును పట్టి నిలుపు బుడగ ఆ వలయే. చన్నీటితోనే అది ఏర్పడును. మరుగు నీరు పోసితిమా, ఈస్టు 55, 60 డిగ్రీలకే చచ్చును. నీరు వేలు పెట్టినచో చురుక్కుమనరాదు. పసిపిల్లకు పట్టదగిన పాలవలె ఉన్న చాలును.

తరువాత గిర్నీలో ఆడించిన గోధుమపిండితో చేసితిమి, మైదా వలదని వైద్యుడు అత్తగారికి చెప్పియుండుటచేత. అదియు సగమే పొంగినది. పొట్టులోని గరుకు ముక్కలు ఆ వలను కోయును. జల్లించి, పొట్టు కొంత తీసి, మూడు పాళ్ళ గోధుమపిండికి ఒక పాలు మైదా కలిపినచో కుదిరినది. గోధుమపిండి నీరు ఎక్కువగా త్రాగును. కలిపిన వెంటనే పిసుకక అరగంట నాననిచ్చినచో సగము శ్రమ తప్పును. ఉప్పు మరచిన దినము ముద్ద పరుగులెత్తి పొంగినది, తినుటకు గడ్డివలె నున్నది. అరకిలో పిండికి 10 గ్రాముల ఉప్పు రుచికే కాదు, ఈస్టునకు కళ్ళెముగా కూడ కావలెను.

ఇక వేసవి. మా ప్రాంతమున మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటు దినములు కలవు. ముద్ద కలిపి గంజులో మూతపెట్టి, ఊరిలో పెండ్లి ఉన్నదని ఇద్దరమును పోయితిమి. భోజనముల పంక్తి ఆలస్యమైనది. తిరిగి వచ్చుసరికి పిండి మూతను నెట్టుకొని గంజు అంచులు దాటి అరుగుమీదికి జారినది. వ్రేలు తాకించినంతనే ఉస్సురని కూలినది. ఇల్లంతయు ఒక వాసన. మంచముమీద పండుకొనియున్న అత్తగారు లేచి కూర్చుండి, "ఏందే గీ వాసన? ఇంట్ల కల్లు పెట్టిన్రా?" అని అడిగిరి. ఆ గొంతు మేము ఎన్నడును వినలేదు.

ఇచ్చట ఒక సంగతి చెప్పవలెను. మా మామగారు మంచివారు, కష్టజీవి. కాని సాయంకాలమైనచో కల్లు దుకాణము. మొదట చిల్లర పోయినది, తరువాత కాడి ఎద్దులు, తరువాత చెరువుక్రింది రెండెకరములు. ఆయన పోయిన పదునొకండవ దినమున అత్తగారు ఈ గడపలోపలికి లొట్టి రాకూడదని ఒట్టు పెట్టిరి. కొడుకులు ఆ మాట జవదాటలేదు. పండుగనాడు సాకపోయు ఆచారము సయితము మా ఇంట గడప బయటనే ఆగినది.

ఇది కల్లు కాదని, పిండి అతిగా పులిసినదని ఆమెకు నచ్చజెప్పితిమి. కాని చిన్నామె చెల్లెలు ఫోనులో చెప్పిన మాట మాత్రము ఆమెకు చెప్పలేదు: వాసన ఒక్కటగుటలో వింత లేదు, ప్రాణి ఒక్కటే. తాటి, ఈత చెట్లనుండి కారు తీపి నీరు లొట్టిలో పడినది మొదలు గాలిలోను, లొట్టి గోడలకును ఉన్న ఈస్టు జాతులు అందులో చేరి చక్కెరను తినసాగును. గంటలలో నీరా కల్లగును. ఒక దినము దాటినచో వేరు సూక్ష్మజీవులు దానిని పులిపించి చివరకు సిరకాగా మార్చును. గోవాలో పోర్చుగీసువారి కాలమునుండి రొట్టెలవారు కొబ్బరికల్లుతోనే పిండిని పొంగించెడివారు. కేరళలో అప్పము పిండికి కల్లు పోయుదురు. మద్రాసు రాజధానిలోని ఆంగ్లేయుల బల్లలమీది రొట్టెలకు కూడ ఒకప్పుడు కల్లే ఆధారము. హైదరాబాదు పాతనగరమున 1851లో మొదలైన మున్షీ నాన్ దుకాణము నాలుగు మూలల రొట్టెకు ప్రసిద్ధి కెక్కినది. అట్టి నాన్‌లను పొంగించు పులిపిండిని ఉర్దూలో ఖమీర్ అందురు. ఇవి అన్నియు పొట్లములలోని ఈస్టు అంగళ్ళకు రాకముందటి ఉపాయములు.

ఇది విన్నది మొదలు మా మనస్సు నిలువలేదు. మంచి పొట్లము కావలెనన్నచో వరంగల్లు పోవలెను; ఈతచెట్టు మా ఇంటి వెనుకనే కలదు. మార్గశిరమాసమున అత్తగారు పది దినములు ఆడబిడ్డగారింటికి పోయినప్పుడు, గీతపని చేయు ఊరి గౌడన్నను అడిగి తెల్లవారుజామున చెట్టునుండి దించిన ఈతకల్లు ఒక చెంబెడు తెచ్చుకొంటిమి. లొట్టి గడప లోనికి రాలేదు, చెంబే వచ్చినదని మమ్ము మేము మోసగించుకొంటిమి.

ఒక హెచ్చరిక ఇక్కడనే చెప్పుట మంచిది. చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరు. దుకాణములలో మత్తుమందులు కలిపి అమ్ము కల్లు మన రాష్ట్రమున ప్రాణములు తీసినది. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున అట్టి కల్లు త్రాగి కొందరు మరణించిరి. కాల్చినంత మాత్రమున ఆ మందులు పోవునని ఎవరును భ్రమపడరాదు. చెట్టు ఎదుట నిలిచి తెచ్చుకొనలేని కల్లును పిండికి తాకింపరాదు.

అరకిలో పిండికి ఒక గ్లాసుడు కల్లు, మిగిలినది నీరు. చలికాలమగుటచే తెల్లవారి కలిపినది మధ్యాహ్నము దాటుదాక ఓపికతో పొంగినది. మాకు పొయ్యి ఉన్నది గాని భట్టీ లేదు. మందపు గంజు అడుగున రెండంగుళముల ఇసుక పోసి, అరగంట కాచి, లోపల ఇనుప చుట్టు నిలిపి, దానిమీద గిన్నెతో ముద్దను దించి, మూతమీద నిప్పులు పరచితిమి. నలుబది నిమిషములకు తీసి అడుగున వ్రేలితో తట్టినచో డొల్లగా మ్రోగినది. ఆ మ్రోత విని మేమిద్దరము పిల్లలవలె నవ్వితిమి. వేడిగానే కోయుటచే లోపల కొంత జిగటగా కనబడినది. చల్లారుదాక ఆగవలెనని తరువాత తెలిసినది.

అత్తగారు తిరిగివచ్చిన మరునాడు అట్టిదే మరియొకటి చేసి ఆమెకు చాయతో పెట్టితిమి. రెండు ముక్కలు తినిరి. "దూదోలె ఉన్నది" అని మూడవది అడిగిరి. అంతలో మా చిన్నవాడు, ఏడేండ్లవాడు, బడినుండి వచ్చి "నాయనమ్మా, గది కల్లు రొట్టెనే" అని గంతులు వేసినాడు.

ఆమె ముక్కను పళ్ళెములో పెట్టిరి. కాలినప్పుడు సారా చాలవరకు ఆవిరియై పోవునని, రొట్టెలో మత్తు ఉండదని, శాస్త్రము చెప్పుచున్నదని మేము ఏమేమో వల్లించితిమి. ఆమె అంతయు వినిరి. "వాసన పోతదే. నా రెండెకరాలు పోయినయి" అనిరి. మూడు దినములు మాచేతి వంట ముట్టలేదు. తానే లేచి గిన్నెడు గటక కాచుకొనిరి. జ్వరముతో పడినప్పటికంటె ఆ మూడు దినములు మాకు భయమైనవి. కల్లు పోయుటలో తప్పున్నదో లేదో గాని, అరువదేండ్లు తన బాధ్యత మోసిన మనిషికి పెట్టు తిండిలో ఏమున్నదో చెప్పకపోవుట తప్పే. నాలుగవ దినమున ఇద్దరమును పోయి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంటిమి.

ఆ కల్లు పిండిలో పిడికెడు ఒక జాడీలో దాచియుంటిమి. దానిని పారబోయుటకు తీసినప్పుడు అత్తగారు చూచి, అది ఏమని అడిగిరి. ఈమారు దాచలేదు. దీనికి దినము పిండి, నీరు పెట్టుచున్నచో బ్రతికి ఉండునని, ఇక కల్లు అక్కరలేదని, ఇదియే తరువాతి పిండిని పొంగించునని చెప్పితిమి. ఆమె జాడీని ముక్కు దగ్గర పెట్టుకొని చాలసేపు చూచిరి. "అంటే తోడు" అనిరి. మాకు ఇన్ని నెలలుగా తట్టని మాట అది.

తోడును పారబోయుట ఆమె ఎరుగని పని. ఆమెయే ఒక కట్టుబాటు చెప్పిరి. ప్రతి ఉదయము జాడీలో సగము తీసివేయవలెను, ఆ మేరకు కొత్త పిండి, కొత్త నీరు పోయవలెను, ఇరువదియొక్క దినములు. బాలింతకు ఇరువదియొకటవ నాడు పురుడు తీరినట్లు దీనికి కూడ తీరవలెను. చిన్నామె చెల్లెలు లెక్క గట్టినది. పది దినములకు మొదటి కల్లు వేయి పాళ్ళలో ఒక పాలు కూడ ఉండదు. ఇరువదియొక్క దినములకు సుమారు 21 లక్షల పాళ్ళలో ఒక పాలు. అత్తగారికి ఈ లెక్కతో పని లేదు. ఆమెది వేరు లెక్క. తీసిన సగమును మేము దోసెలలో కలుపుచుంటిమి. ఆమె మాత్రము ఆ దోసెలను ఇరువదియొక్క దినములును ముట్టలేదు.

ఇరువదిరెండవనాటి రొట్టెను ఆమె తినిరి. ఏమియు అనలేదు. తిని, చేయి కడుగుకొని, జాడీని తన మంచము ప్రక్క గూటిలోనికి మార్పించిరి.

అప్పటినుండి తోడు ఆమెది. పుస్తకములును, ఫోనులోని చలనచిత్రములును మాకు నేర్పలేనిది ఆమె చేతికి ముందే తెలియును. ఎండకాలమున మంచినీళ్ళ కుండ ప్రక్కన తడి ఇసుకలో జాడీని కూర్చుండబెట్టును. చలికాలమున బియ్యపు డబ్బాలో దింపి గొంగడి ముక్క చుట్టును. పొంగి, నడుమ గుంట పడుటకు ముందే వాడవలెనని, గుంట పడినచో ఆకలిమీద ఉన్నదని చెప్పును. తోడు ముద్ద పొట్లములోని ఈస్టు వలె గంటలో పొంగదు. సాయంత్రము కలిపినది మా ఇంటిలో తెల్లవారుదాక తీసికొనును, వేసవిలో నాలుగు గంటలు. అందులో ఈస్టుతోపాటు పెరుగులోనివంటి పులుపు జీవులు కూడ ఉండుటచేత రొట్టె కొంచెము పుల్లగా ఉండును, అంగడి బ్రెడ్డుకంటె ఒకటి రెండు దినములు ఎక్కువ నిలుచును. పిల్లలకు ఆ పులుపు నచ్చలేదు. వారు ఇప్పటికిని అంగడిదే అడుగుదురు.

అన్నియు సరిగా వచ్చుచున్నవని చెప్పుట లేదు. మూతమీద నిప్పులు సమముగా పరచుట మాకు ఇంకను రాలేదు. ఒక వైపు నల్లబడును, ఒక వైపు తెల్లగా ఉండును. ఇసుకలో వేడి ఎంత ఉన్నదో చూచు ఉపాయము తెలియదు; చిటికెడు పిండి చల్లి అది ఎర్రబడు వేగమును బట్టి అంచనా వేయుదుము. మొన్న ఆదివారము రొట్టె అడుగు రూపాయి మందమున మాడినది. అత్తగారు మాడినది గీకి, మెత్తని భాగము తీసికొని చాయలో ముంచుకొనుచుండగా పక్కింటి కోడలు గిన్నె పట్టుకొని గుమ్మములో నిలిచినది. మజ్జిగకేమో అనుకొని మేము లేచితిమి. "పెరుగుది కాదక్కా, పిండిది" అన్నది. అత్తగారు కూర్చున్నచోటనే చేయి చాచి గూటిలోని జాడీ మూత తీసిరి.